డీసీఎం పేరు మిగిలింది, మన నిస్సాన్ పేరు పోయింది: జహీరాబాద్ జపాన్ లారీ కథ



మొన్న ఝరాసంగంల చాయ హోటల్ కాడ నలుగురం కూసున్నం. ఆలుగడ్డ రేటు కాడ మొదలైన ముచ్చట స్మార్ట్ సిటీ కాడికి పోయింది. మా వాడకట్టు పిల్లగాడు ఒకడు ఐటీఐ చదువుతుండు. వాడు అన్నడు, "పెద్దనాయినా, ఇగ మన దిక్కు కంపెనీలు వస్తయట. ఇన్నేండ్లు మనల్ని ఎవరు చూసిన్రు? ఒక్క బయటి దేశపోడన్నా జహీరాబాద్‌కు వచ్చిండా?"

నాకు నవ్వొచ్చింది. "వచ్చిండు బిడ్డా. నువ్వు పుట్టడానికి ఇరవై ఏండ్ల ముందే జపానోడు వచ్చిండు. ఇక్కడ లారీలు తయారు చేసిన్రు. ఆ పేరు పోయింది కూడా" అన్న. వాడు నమ్మలే. ఫోన్ తీసి చూసుకున్నడు. చూసినంక, "మరి ఎందుకు పోయిండు?" అని అడిగిండు. చాయ కాడ చెప్పేంత చిన్న ముచ్చట కాదు. అందుకే ఈ పోస్టు. కొంచెం పొడుగు ఉంటది, ఓపిగ్గా చదవండి. ఎందుకంటే ఇది పాత లారీ కథ ఒక్కటే కాదు, మనం రేపు కొనే బండికి, మన పిల్లల నౌకరీకి కూడా పనికొచ్చే కథ.

"డీసీఎం" అంటే ఏంది?

ముందు ఒక చిన్న ప్రశ్న. అల్లం మార్కెట్‌కు తీసుకపోవాల్నంటే మనం ఏమంటం? "డీసీఎం మాట్లాడుకో" అంటం. పేపర్ల కూడా "డీసీఎం బోల్తా" అని రాస్తరు. ఐషర్ బండైనా డీసీఎమ్మే, ఇంకో కంపెనీదైనా డీసీఎమ్మే. ఆ మూడు అక్షరాలు ఢిల్లీ క్లాత్ మిల్స్ అనే బట్టల కంపెనీవి! బట్టల మిల్లుకు, లారీకి సంబంధం ఏంది? అక్కడికే వస్తున్న.

1980ల దాక మన దేశంల సరుకు బండ్లంటే రెండే లెక్కలు. పెద్దగ కావాల్నంటే టాటా, లేలాండ్ లారీలు. చిన్నగ కావాల్నంటే మాటడోర్, టెంపో అసొంటివి. నడిమి సైజు మంచి బండి తక్కువ. ఒక రైతు పంటకు పెద్ద లారీ ఎక్కువైతది, టెంపో సాలది. ఆ టైంల కేంద్ర సర్కారు జపాన్ కంపెనీలతోని కలిసి చిన్న లారీలు తయారు చేసుకోవచ్చని తలుపు తెరిచింది. కార్లల్ల మారుతి సుజుకీ వచ్చింది కూడా అప్పుడే. 1983 డిసెంబర్‌ల మొదటి మారుతి 800 రోడ్డెక్కింది.

చిన్న లారీలకు నాలుగు జంటలు కుదిరినయి.

ఢిల్లీ క్లాత్ మిల్స్ వాళ్లు టయోటాతోని కలిసి ఉత్తరప్రదేశ్‌ల సూరజ్‌పూర్ కాడ డీసీఎం టయోటా పెట్టిన్రు. స్వరాజ్ ట్రాక్టర్లు చేసే పంజాబ్ కంపెనీ మాజ్డాతోని కలిసి స్వరాజ్ మాజ్డా పెట్టింది. ఐషర్ ట్రాక్టరోళ్లు మిత్సుబిషితోని కలిసి మధ్యప్రదేశ్‌ల పీతంపూర్ కాడ పెట్టిన్రు. నాలుగోది మనది. హైదరాబాద్ ఆల్విన్, జపాన్ నిస్సాన్ కలిసి మన జహీరాబాద్‌ల పెట్టిన ఆల్విన్ నిస్సాన్.

ఈ ఆల్విన్ ఎవరు, ఈ నిస్సాన్ ఎవరు?

ఆల్విన్ మనోళ్లదే. నిజాం కాలంల 1942ల పుట్టింది. నిజాం సర్కారు ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్, అల్లాదీన్ కంపెనీ కలిసి పెట్టిన్రు. సనత్‌నగర్‌ల ఫ్యాక్టరీ. ఆర్టీసీ బస్సుల బాడీలు కట్టింది, ఫ్రిజ్‌లు చేసింది, జపాన్ సీకో కంపెనీ సాయంతోని చేతి గడియారాలు కూడా చేసింది. మా ఇంట్ల మా నాయిన పెట్టుకున్న మొదటి గడియారం ఆల్విన్‌దే. తర్వాత అది రాష్ట్ర సర్కారు కంపెనీ అయింది.

నిస్సాన్ కథ ఇంకా మంచిగుంటది. దాన్ని పెట్టినాయన పేరు యోషిసుకే ఐకావా. పెద్ద ఇంజనీరింగ్ చదువు చదివిండు. అయినా కుర్చీల కూసోలే. మామూలు కూలి లెక్క ఫ్యాక్టరీల చేరిండు. తర్వాత అమెరికా పోయి ఇనుము కరిగించి అచ్చుపోసే కార్ఖానల చెమటోడ్చి పని నేర్చుకున్నడు. తిరిగొచ్చి 1910ల జపాన్‌ల సొంత పోత కార్ఖానా పెట్టిండు. ముందు ఇనుము పని, ముందు సామాను. కారు కంపెనీ ఎప్పుడు పెట్టిండంటే 1933 డిసెంబర్‌ల, ఇరవై మూడేండ్ల తర్వాత, యొకొహామాల. 1934ల దానికి నిస్సాన్ మోటార్ అని పేరు పెట్టిన్రు.

ఇంకో ముచ్చట. రెండో ప్రపంచ యుద్ధంల జపాన్ నాశనమైంది కదా. దాని తర్వాత నిస్సాన్‌కు మంచి కారు చేసే విద్య చాలలేదు. సిగ్గుపడలే. 1952ల ఇంగ్లండ్ ఆస్టిన్ కంపెనీతోని ఒప్పందం చేసుకున్నది. అక్కడి నుంచి విడిభాగాలు తెప్పించి బిగించి అమ్మింది. కానీ ఊకె బిగించుకుంట కూసోలే. ఒక్కొక్క సామాను సొంతంగ చేసుకుంట పోయింది. నాలుగేండ్లల్ల, 1956 నాటికి ఆ కారుల ప్రతి ముక్కా జపాన్‌లనే తయారయింది. ఆ మాట యాది పెట్టుకోండి, మళ్ల దాని కాడికి వస్త.

అంటే నిస్సాన్ కూడా ఒకప్పుడు మనలెక్కనే ఇంకోని విద్య తెచ్చుకున్న కంపెనీ. ముప్పై ఏండ్లు తిరిగేసరికి మనకు విద్య ఇచ్చే కాడికి ఎదిగింది.

జహీరాబాద్‌ల క్యాబ్‌స్టార్

అప్పుడు మనది మెదక్ జిల్లా. బొంబాయి రోడ్డు మీద జహీరాబాద్. అటు బీదర్ దగ్గర, ఇటు హైదరాబాద్ దగ్గర. 1980ల నడుమ ఇక్కడ క్యాబ్‌స్టార్ బండి తయారీ మొదలైంది. నేను ఇంటర్‌కు బస్సుల జహీరాబాద్ పోయేటప్పుడు కొత్త బండ్లు వరుసకు నిలబడి ఉండుడు చూసేది. జొన్న చేన్లు, చెరుకు తోటల నడుమ జపాన్ పేరు రాసిన బండ్లు! మా దోస్తులం అయితే ఆ ఫ్యాక్టరీల చేరాల్నని కలలు కన్నం. చేరినోళ్లు చేరిన్రు, నాకైతే చెర్నకోలనే దొరికింది.

మా చిన్నాయన 1992ల ఒక ఆల్విన్ నిస్సాన్ సెకండ్ హ్యాండ్‌ల కొన్నడు. పాత బండైనా ఇంటి ముందటికి వచ్చిన్నాడు కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించి, కేతకి సంగమేశ్వరుని గుడికి తోలుకపోయినం. దాని మీద నేను ఆరేండ్లు తిరిగిన. కొన్నాళ్లు క్లీనర్ లెక్క, తర్వాత డ్రైవర్ లెక్క.

బండి గురించి ఉన్నది ఉన్నట్టు చెప్త. ముక్కు లేని బండి. ఇంజన్ డ్రైవర్ సీటు కింద. ఎండకాలం కూసుంటే కింద నుంచి సెగ తగిలేది, చలికాలం మాత్రం దుప్పటి అక్కర లేకుండె. ముక్కు లేకపోవుడుతోని సందుల్ల తిప్పుడు సులువు. హైదరాబాద్ గంజిల పెద్ద లారీలు బయట ఆగిపోతే మేము దుకాణం ముందటి దాక పోయేటోళ్లం. స్టీరింగ్ అల్కగ ఉండేది. అంతకుముందు చిన్నాయన నడిపిన బండ్లతోని చూస్తే ఇది ఎక్కుతే కారెక్కినట్టు ఉండె. తెల్లారి మూడింటికి ఆలుగడ్డ లోడుతోని బయలెల్లితే సదాశివపేట, సంగారెడ్డి, పటాన్‌చెరు దాటి పొద్దు పొడిచేసరికి మార్కెట్ల ఉండేది. పొద్దుగాల చేరినోనికి ఒక రేటు, పది గంటలకు చేరినోనికి ఒక రేటు. ఆ రెండు మూడు గంటలే మా లాభం. అది నాకు ఆ బండే నేర్పింది.

మరి తిప్పలు? తిప్పలు మేము తెచ్చుకున్నయే ఎక్కువ. బండి మీద రాసిన బరువు ఒకటి, మేము ఏసిన బరువు ఇంకొకటి. జపానోడు జపాన్ రోడ్లు చూసి, జపాన్ మనుషుల పద్ధతి చూసి చేసిండు. మేమేమో టాటా లారీల ఏసినట్టు దాంట్ల ఏసినం. ఒకసారి సదాశివపేట దాటినంక చెరువు మలుపు కాడ కమాన్ పట్టీలు టక్కున విరిగినయి. రాత్రంతా ఆలుగడ్డ బస్తాల మీద పండుకున్నం. తెల్లారి వేరే బండి మాట్లాడి పంపేసరికి మార్కెట్ అయిపోయింది. లాభం పాయె, కిరాయి మీద పడె. చిన్నాయన నన్ను తిట్టలే, తనను తానే తిట్టుకున్నడు. "బండిది తప్పు కాదురా, ఆశది" అన్నడు.

రెండో తిప్పల సామానుది. ఇక్కడ అసలు కథ ఉన్నది. క్లచ్ సామాను, పంపు సామాను అసొంటిది కావాల్నంటే జహీరాబాద్ దుకాణాల దొరికేది కాదు. బండి పుట్టిన ఊర్లనే బండి సామాను లేకపోతే ఎట్ల అని నాకు కోపం వస్తుండె. ఒక దుకాణపాయన చెప్పిండు, "తమ్మీ, ఈ రోడ్డు మీద నూరు బండ్లు పోతే ఎన్ని నీ బండ్లు? ఏ బండి ఎక్కువ తిరుగుతదో దాని సామానే నేను పెట్టుకుంట. ఏడాదికి ఒక్కసారి అమ్ముడుపోయే సామాను మీద నా పైసలు పండుకుంటయి." మాట న్యాయమే. మేము సికింద్రాబాద్ రాణిగంజ్ పోయి వెతుక్కునేది. అక్కడ ధర వింటే గుండె గుబేలుమనేది.

ధర ఎందుకు పెరిగింది? యెన్ కథ

ఆ ధర వెనుక ఎక్కడో అమెరికాల జరిగిన ఒక మీటింగ్ ఉన్నదని నాకు చానా ఏండ్ల తర్వాత చదివితే తెలిసింది.

1985 సెప్టెంబర్‌ల న్యూయార్క్‌ల ప్లాజా అనే హోటల్ల ఐదు పెద్ద దేశాలు కూసుని, డాలర్ విలువ తగ్గియ్యాలె, యెన్ విలువ పెంచాలె అని ఒప్పుకున్నయి. అప్పుడు ఒక డాలర్‌కు ఇంచుమించు 240 యెన్‌లు వస్తుండె. రెండు మూడేండ్లల్ల అది 130 లోపటికి పడిపోయింది. మన లెక్కల చెప్త. 1985ల నూరు యెన్‌ల సామాను తెప్పిస్తే మనకు ఇంచుమించు 5 రూపాయలు పడేది. 1988 నాటికి అదే సామాను 10, 11 రూపాయలు. 1991ల మన రూపాయి విలువ కూడా తగ్గించిన్రు కదా, 1992 నాటికి 20 దాటింది. సామాను అదే. ఫ్యాక్టరీ అదే. ధర నాలుగింతలు.

నాలుగు జపాన్ లారీ కంపెనీలు అప్పుడే కండ్లు తెరిచిన పసిపిల్లలు. ఏటేటా మన దేశపు సామాను పెంచుకుంట పోవాల్నని సర్కారు షరతు కూడా ఉండె. కానీ మొదటి ఏండ్లల్ల బండిల ఎక్కువ సామాను జపాన్‌దే. ఇంజన్ ముక్కలు, గేర్‌బాక్స్ ముక్కలు అక్కడి నుంచి రావాలె. యెన్ పెరిగితే బండి ధర పెరిగింది. అదే టైంకు, 1986ల, టాటా వాళ్లు పుణెల తయారు చేసిన 407 దింపిన్రు. సామాను ఇక్కడిదే, ప్రతి పట్నంల దొరుకుతది, ప్రతి మెకానిక్‌కు తెలుసు, ఎక్కువ బరువేసినా మోస్తది. మనోడు ఎటు పోతడు? 407 దిక్కే పోయిండు.

ఇప్పుడు ఆస్టిన్ ముచ్చట యాది చేసుకోండి. నిస్సాన్ ఇంగ్లండ్ కారును నాలుగేండ్లల్ల మొత్తం సొంతం చేసుకున్నది. ఎందుకంటే దానికి వెనుక ఐకావా కాలం నుంచి పోత కార్ఖానలు, సామాను చేసే చిన్న కంపెనీలు, పని నేర్చిన మనుషులు ఉండిరి. మన జహీరాబాద్‌ల ఫ్యాక్టరీ షెడ్డు లేసింది గాని, దాని చుట్టూ ఆ చిన్న చిన్న కార్ఖానలు లేసేంత టైం దొరకలే. యెన్ ఆగలే. ఇల్లు అలకంగనే పండుగ కాదు అని మన పెద్దలు ఊకె అనలే.

ఎవరి పేరు ఏమైంది?

1980లు అయిపోయేసరికి ఆల్విన్ నిస్సాన్ మహీంద్రా చేతికి పోయింది. కొన్నాళ్లు మహీంద్రా నిస్సాన్ ఆల్విన్ అని మూడు పేర్లు కలిపి నడిచింది. 1990ల నడుమ మొత్తం మహీంద్రాల కలిసిపోయింది. ఆల్విన్ ఫ్రిజ్‌ల కంపెనీ వోల్టాస్‌ల కలిసింది. గేటు మీద రెండు పాత పేర్లూ పోయినయి.

మిగిలిన మూడు?

డీసీఎం టయోటా కొరియా డేవూ చేతికి పోయింది. వాళ్లు సియెలో కార్లు చేసిన్రు, తర్వాత డేవూనే మునిగింది, ఫ్యాక్టరీ మూతపడ్డది. టయోటా మాత్రం వేరే జంట కట్టుకుని కర్ణాటకల బిడదికి వచ్చి క్వాలిస్ దింపింది. ఐషర్ మిత్సుబిషి విద్యను ఒంటబట్టించుకుని సొంతంగ నిలబడ్డది, 2008ల వోల్వోతోని కలిసింది. స్వరాజ్ మాజ్డా 2011ల ఎస్ఎంఎల్ ఇసుజు అని పేరు మార్చుకున్నది. చిత్రం ఏందంటే 2025ల దాన్ని కూడా మహీంద్రా వాళ్లే కొన్నరు. నాలుగు జపాన్ జంటల్ల రెండు ఒకే ఇంటికి చేరినయి.

చూడండి. డీసీఎం ఫ్యాక్టరీ పోయింది, పేరు మన నోట్ల మిగిలింది. మన నిస్సాన్ పేరు పోయింది, ఫ్యాక్టరీ మిగిలింది. ఈ రెండిట్ల ఏది మంచిది? ఫ్యాక్టరీ మిగులుడే మంచిదని నేనంట. అదే జహీరాబాద్‌ల 2013ల మహీంద్రా ట్రాక్టర్ ఫ్యాక్టరీ కూడా మొదలైంది. ఏడాదికి లక్ష ట్రాక్టర్లు చేసే లెక్కన కట్టిన్రు. మన పొలంల దున్నుతున్న ట్రాక్టర్ల కొన్ని మన జహీరాబాద్‌ల పుట్టినయే.

నిస్సాన్ సంగతి? అది మళ్ల మన దేశం వచ్చింది. 2010ల చెన్నై కాడ ఒరగడంల రెనోతోని కలిసి ఫ్యాక్టరీ పెట్టింది. డాట్సన్ అనే పాత పేరును 2014ల మళ్ల తీసుకొచ్చి తక్కువ ధర కార్లు అమ్మింది. 2022ల ఆ పేరు ఆపేసింది. సర్వీసు, సామాను ఇస్తమని కంపెనీ చెప్పింది. అయినా డాట్సన్ ఉన్నోళ్లకు రేపు అమ్మితే ధర వస్తదా అని గుబులు పడకుంట ఉంటదా? ఆ గుబులు మా చిన్నాయనకు ముప్పై ఏండ్ల కిందనే తెలుసు. ఇగ చెన్నై ఫ్యాక్టరీల తన వాటాను కూడా నిస్సాన్ 2025ల రెనోకు ఇచ్చేసింది.

మరి మనకు మిగిలింది ఏంది?

ఆ పిల్లగాని ప్రశ్నకు జవాబు ఇదే. పేరున్నోడు పోవచ్చు, డబ్బున్నోడు అమ్ముకోవచ్చు. పని నేర్చినోడు మాత్రం నిలబడ్డడు. మా బండిని ఆరేండ్లు బతికించిన ఉస్తాద్ జహీరాబాద్‌ల ఒక రేకుల షెడ్డుల పనిచేసేటోడు. రాణిగంజ్‌ల సామాను దొరకని రోజు వేరే బండి ముక్క తెచ్చి, లేత్ మిషన్ మీద చెక్కి, మా బండికి కూసోబెట్టేటోడు. జపానోడు కూడా చూస్తే మెచ్చుకుంటడు. ఆయన దగ్గర నేర్చినోళ్లు ఇయ్యాల సొంతంగ షెడ్లు పెట్టుకుని ట్రాక్టర్లు బాగు చేస్తున్నరు. ఆ ఉస్తాద్‌ను మించిన కంపెనీ నేను చూడలే.

ఇప్పుడు మళ్ల మన దిక్కు పెద్ద మాటలు వినబడుతున్నయి. 2024 ఆగస్టుల కేంద్రం జహీరాబాద్ ఇండస్ట్రియల్ స్మార్ట్ సిటీకి ఒప్పుకున్నది. 3,245 ఎకరాలు, 2,361 కోట్లు అని లెక్క చెప్పిన్రు. నిమ్జ్ కింద న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల భూములు పోయినయి, పోతున్నయి. భూమి ఇచ్చినోని బాధ భూమి ఇచ్చినోనికే తెలుసు, దాని మీద నేను తీర్పు చెప్పేటోన్ని కాదు. కానీ ఒక్క మాట. ఏ కంపెనీ వస్తున్నది అని ఒక్కటే అడిగి ఊకోవద్దు. గేటు మీది పేరు ఎన్నిసార్లు మారుతదో మన జహీరాబాద్ కండ్ల చూసింది. మా పిల్లలకు ఏ పని నేర్పుతరు, సామాను చేసే చిన్న కార్ఖానలు ఇక్కడ పెడ్తరా, రేపు కంపెనీ చేతులు మారితే మా నౌకరీ కాగితం చెల్లుతదా, ఇవి అడగాలె. వాచ్‌మెన్ నౌకరీ పేరుతోని పోతది. వెల్డింగ్, లేత్, ఫిట్టర్ పని మనిషితోని ఉంటది.

ఇగ బండి గాని, ట్రాక్టర్ గాని, నాటేసే మిషన్ గాని, మందు కొట్టే డ్రోన్ గాని కొనేటోళ్లకు నా అనుభవం:

1. షోరూంకు పోయే ముందు మీ ఊరి మెకానిక్ దగ్గరికి పోండి. "ఇది నీకు వస్తదా?" అని అడగండి.
2. సామాను ఎక్కడ తయారైతది, మన దగ్గర దుకాణంల ఉంటదా అని చూడండి. క్లచ్ ప్లేట్, ఫిల్టర్, బేరింగ్ ధర ముందే రాసుకోండి.
3. మన రోడ్డు మీద ఆ బండ్లు ఎన్ని తిరుగుతున్నయో ఒక పూట కూసుని లెక్కపెట్టండి. తక్కువ తిరిగే బండి ఎంత మంచిదైనా అమ్మేటప్పుడు ఏడ్పిస్తది.
4. రాసిన బరువే ఏయండి. ఇది నేను సదాశివపేట మలుపు కాడ నేర్చుకున్నది.

మా చిన్నాయన బండిని 1998ల అమ్మేసినం. కొన్నాయన బీదర్ దిక్కు తోలుకపోయిండు. ముందర ఉన్న పేరు బిళ్ల ఊడి వస్తే చిన్నాయన దాచుకున్నడు. ఇప్పటికీ మా కొట్టంల, ఎడ్ల పగ్గాల పక్కన మొలకు ఏలాడుతున్నది. నిన్న ఆ ఐటీఐ పిల్లగాన్ని తీసుకపోయి చూపిచ్చిన. చేతితోని దుమ్ము తుడిచి అక్షరం అక్షరం చదివిండు. "పెద్దనాయినా, ఆ ఉస్తాద్ శిష్యులల్ల ఎవరి దగ్గరన్నా నన్ను సెలవులల్ల పనికి పెట్టిస్తవా?" అన్నడు. సోమవారం తీసుకపోతున్న.

మీ ఇండ్లల్ల ఎవరన్నా ఆల్విన్ నిస్సాన్ నడిపిన్రా? ఆ ఫ్యాక్టరీల మొదట్ల పని చేసిన పెద్దమనుషులు ఎవరన్నా ఉన్నరా? ఉంటే మీ అనుభవం కింద రాయండి, పాత ఫోటో ఉంటే పెట్టండి. నేను తప్పు రాస్తే సరిచేయండి. మన ఊరి కథ మనం రాసుకోకపోతే మన పిల్లలకు తెల్వది.

ఉంట మరి. అల్లంకు నీళ్లు పెట్టాలె, కరెంట్ వచ్చే టైం అయింది.